ఓడ ఎక్కే పూట వచ్చిన కబురు

పోయిన ఆదివారం మధ్యాహ్నం బడంగ్‌పేటలో మా తమ్ముడింట్లో భోంచేసి, వాడూ నేనూ వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చున్న వేళ, వాడి మనవరాలు ఫోనులో ప్రత్యక్షమై మాకు సముద్రాన్ని చూపించింది. పెళ్ళయి నాలుగు రోజులైన పిల్ల. అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక ఎవరిదో తోట మాట్లాడుకుని, రెండు వైపులా కలిపి అరవై మందిని మించకుండా, ఆరుబయట గడ్డి మీద పెళ్ళి చేసుకుని, మర్నాడే మొగుడూ పెళ్ళామూ ముంబై వెళ్ళి ఓడ ఎక్కారు. పిలుపు అందని బంధువులు ఇప్పటికీ మా తమ్ముడి మీద మూతి ముడుచుకునే ఉన్నారు; అందినవాళ్ళేమో పందిరి లేదు, మేళం లేదు, ఇదేం పెళ్ళమ్మా అని ఆ రోజంతా నా చెవిలో గొణుగుతూనే ఉన్నారు. నాకు మాత్రం అవి కొత్తగా అనిపించలేదు. ఆరుబయట చిన్న పెళ్ళి, ఆ వెంటనే ఓడ ప్రయాణం, ఈ రెండూ ఆ పిల్ల కనిపెట్టిన వింతలు కావు. నలభై అయిదేళ్ళ కిందట దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ళ తాతకు అక్కనైన నాకు అచ్చం అలాగే జరిగాయి. ఆ గడ్డి మీద కూర్చున్నవాళ్ళలో ఆ సంగతి తెలిసినవాళ్ళం నేనూ మా తమ్ముడూ మాత్రమే.

దిల్‌సుఖ్‌నగర్ అంటే ఇప్పటివాళ్ళకు మెట్రో స్తంభాలు, కోచింగు సెంటర్ల బోర్డులు, చీరల దుకాణాలు. అక్కడ రోడ్డు దాటడానికి నాకిప్పుడు ఒక పూట ధైర్యం కూడగట్టుకోవాలి. మేము నల్లగొండ పల్లె నుంచి వచ్చి చేరిన రోజుల్లో ఆ చుట్టుపక్కలంతా ద్రాక్షతోటలుండేవి. తోటలు కొట్టి ప్లాట్లు చేస్తున్న కాలం, ప్లాటు కొన్న ప్రతివాడూ ఇంటికి ముగ్గు పోయకముందే బావి తవ్వించేవాడు. మా నాయిన ఆ బావులు తవ్వే మేస్త్రీ. మొదటి ఊట పడగానే లోపలికి దిగి, దోసిట్లో నీళ్ళు పట్టి నోట్లో పోసుకుని, కళ్ళు మూసుకుని కాసేపు ఉండి, అవి పప్పు ఉడికే నీళ్ళో కాదో చెప్పేసేవాడు. మా ఊరి నీళ్ళు తాగి కాళ్ళు వంకర్లు తిరిగినవాళ్ళ మధ్య పెరిగినవాడు కనుక, మంచినీళ్ళంటే ఆయనకు దేవుడి తరువాత దేవుడు. ఎల్.బి. నగర్ నుంచి మలక్‌పేట దాకా ఏ ఇంటి బావిలో నీళ్ళు ఏ రుచో ఆయనకు కంఠతా వచ్చు. ఆ బావుల్లో రాయి కొట్టీ కొట్టీ, ఆ దుమ్మే ఊపిరితిత్తుల్లో చేరి, నాకు ఇరవై ఏళ్ళు వచ్చేసరికి ఆయనకు దగ్గు పట్టుకుంది. అది ఇక వదల్లేదు.

మా ఆయన మా ఇంటికి మొదటిసారి వచ్చింది కూడా బావి పని మీదే. కోస్తా నుంచి తల్లితో వచ్చి ఎల్.బి. నగర్‌లో కిరాయికి ఉంటూ, ట్యుటోరియల్లో పిల్లలకు లెక్కలు చెప్పుకునే మనిషి. ఇంటివాళ్ళ బావి ఎండిపోతే, లోతు చేయించడానికి మేస్త్రీని పిలుచుకు రమ్మని ఆయన్ని పంపారు. గుమ్మం ముందు నిలబడి మేస్త్రీ గారున్నారా అని అడిగాడు. మా అమ్మ బియ్యం చెరుగుతూ తల ఎత్తకుండానే, "పొయ్యిండు బిడ్డా, పొద్దుగాలనే పొయ్యిండు," అంది.

వాళ్ళ వైపు ఒక మనిషి పోయాడంటే ఇంకొక అర్థమే లేదు. బయటికి కదిలినవాడిని వెళ్ళాడనే అంటారు తప్ప పోయాడనరు. మా ఇళ్ళల్లో పోవడమంటే పోవడమే. బజారుకు పోతాం, బడికి పోతాం, పనికి పోతాం. పాపం ఆయన చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని, "అయ్యో, ఎలా జరిగిందమ్మా?" అని అడిగాడు. "ఎట్ల జరుగుడేంది, రోజు పొయ్యేదే గదా," అంది మా అమ్మ. "మాపటీలికి ఒస్తడు, జర కూసో," అని పీట కూడా వేసింది. తలుపు వెనక నిలబడి వింటున్న నేను నవ్వు ఆపుకోలేక పైట చెంగు నోట్లో కుక్కుకున్నాను. ఆయన ఆ నవ్వు విన్నాడు. మా పరిచయానికి అదే మొదలు. ఆ తరువాత ఏడాది పొడుగునా ఆయన ఏదో ఒక సాకుతో వస్తూనే ఉన్నాడు, మా ఇంట్లో అదొక ఆట అయిపోయింది. నాయిన సంచి భుజాన వేసుకుని బయలుదేరితే చాలు, మా తమ్ముడు కావాలని ఆయన దగ్గరకు వెళ్ళి నాయిన పొయ్యిండు బావా అని ఏడుపు ముఖం పెట్టేవాడు. అందరం పడీపడీ నవ్వుకునేవాళ్ళం. వరసలు కలవకముందే వాడు బావా అని పిలుస్తుంటే, పెద్దవాళ్ళకు కూడా సంగతి అర్థమై, రెండు వైపులా కొంత అలకా కొంత గొణుగుడూ అయ్యాక పెళ్ళికి ఒప్పుకున్నారు.

అప్పటికి నాయిన దగ్గు ముదిరింది. నాలుగు గోడల మధ్య జనంలో కూర్చుంటే ఊపిరాడదు, సాంబ్రాణి పొగ పడదు. ఫంక్షన్ హాలు మాట ఎవరో ఎత్తితే మా ఆయనే వద్దని, మా ఇంటి పక్కన ఖాళీ ప్లాటులో, నాయిన ఆ పేటలో తవ్విన మొదటి బావి పక్కన, ఆకాశం కింద పెళ్ళి చేసుకుందామన్నాడు. పందిరి కూడా వద్దు, గాలి ఆగుతుందన్నాడు. నాలుగు వెదురు బొంగులు పాతి మామిడి తోరణం కట్టారు, అంతే. చలికాలం పొద్దు, లేత ఎండ. వచ్చినవాళ్ళు నలభై మంది లేరు. గాలి ఎటు వీస్తోందో చూసి, హోమం పొగ తగలని వైపు నాయిన నులక మంచం వేయించింది కూడా మా ఆయనే. ఆ మంచం మీదే కూర్చుని, మా అమ్మ నీళ్ళు పోస్తుంటే, ఒక్కసారి కూడా దగ్గకుండా నాయిన కన్యాదానం చేశాడు. ఆ కాసేపు దగ్గు ఆపుకోవడానికి ఆయన ఎంత కష్టపడ్డాడో ఆ ముఖం చూస్తున్న నాకే తెలుసు. తలంబ్రాల బియ్యం కొన్ని ఎగిరి బావిలో పడ్డాయి.

ఓడ సంగతి చెప్పాలి. మా ఆయన మేనమామ విశాఖపట్నం ఓడరేవు ఆఫీసులో పనిచేసేవాడు. అక్కడి నుంచి అండమాన్‌కు ఎప్పుడో ఒకసారి ప్రయాణికుల ఓడ వెళ్ళేది. మేనల్లుడి పెళ్ళికి కానుకగా అందులో ఒక చిన్న గది ఇప్పించాడు. పోను మూడు రోజులు, రాను మూడు రోజులు, మధ్యలో ఆ దీవుల్లో కొన్నాళ్ళు. హనీమూన్ అనే మాట మా వాడలో అప్పటికి పలికినవాళ్ళు లేరు. కొత్త దంపతులు యాదగిరిగుట్టకు పోయివస్తే అదే గొప్ప. నాయినను ఆ స్థితిలో వదిలి వెళ్ళడానికి నాకు మనసు ఒప్పలేదు. దవాఖానలో డాక్టరేమో ఇప్పట్లో భయం లేదన్నాడు. నాయిన అంతకంటే పట్టుబట్టాడు. పెళ్ళయ్యాక తాను కూడా ఊరికి పోతాననీ, పొలం గట్టు మీద నాలుగు రోజులు పడుకుంటే దగ్గు అదే పోతుందనీ, నెల రోజులుగా అదే పాట. వెళ్ళేముందు తన దగ్గు మందు సీసా ఒకటి శుభ్రంగా కడిగించి నా చేతిలో పెట్టాడు. "గీ సీసల సముద్రం పట్టుకరా బిడ్డా. ఎన్ని బాయిల నీళ్లు తాగిన గని, గా నీళ్లొక్కటి నోట్లె పోసుకోలే," అన్నాడు.

గడప దాటుతూ, అలవాటు చొప్పున పోతున్న నాయినా అన్నాను. వెనకే ఉన్న మా అత్తగారు చటుక్కున నా చెయ్యి పట్టుకుని, పోతున్నా అనకూడదమ్మా, వెళ్ళొస్తా అనాలి అని మందలించింది. నాయిన మంచం మీంచి నవ్వాడు. "మా దిక్కు పోవుడంటే పోవుడే వదినా, మల్ల ఒచ్చుడే," అన్నాడు. ఆయన మాట నేను విన్నది అదే ఆఖరు.

రాత్రి రైలెక్కి, పొద్దున విశాఖలో దిగి మేనమామ ఆఫీసుకు వెళ్ళాం. మధ్యాహ్నం ఓడ. ఏ అవసరం వచ్చినా ఉంటుందని ఆ ఆఫీసు ఫోను నంబరు మా ఆయన ముందే ఒక కాగితం మీద రాసి మా తమ్ముడికి ఇచ్చి ఉంచాడు. పదిన్నర ప్రాంతంలో హైదరాబాదు నుంచి ట్రంకు కాల్ అని పిలిచారు. ట్రంకు కాల్ అంటే నా వయసువాళ్ళకు గుర్తుండే ఉంటుంది. గాలివానలో అవతలి గట్టున ఉన్న మనిషిని కేకేసినట్టు అరవాలి, అరిచినదాంట్లో సగం హోరులో కలిసిపోతుంది, మూడు నిమిషాలకు గొంతు నొక్కేస్తారు. గది బయట బల్ల మీద సీసా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న నాకు మా ఆయన కేకలే వినిపించాయి. బయటికి వచ్చేటప్పుడు ముఖం వెలిగిపోతోంది. మా తమ్ముడి గొంతును అనుకరిస్తూ, "మీ నాయిన పొయ్యిండంట! పొద్దుగాలనే పొయ్యిండంట!" అన్నాడు. ఊరికి ప్రయాణం చేయగలిగాడంటే దగ్గు తగ్గినట్టే కదా అని నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సంతోషంతో తిరిగిన నీళ్ళు. మా ఇంటి భాష తనకు వచ్చేసిందని ఆయన మురిసిపోయాడు. అది నా భాషే కదా, పుట్టిన దగ్గర నుంచి నేను మాట్లాడిన భాష, నాకైనా తట్టాలి కదా. తట్టలేదు. నాయిన ఆ తెల్లవారుజామున చనిపోయాడు.

నాకా సంగతి పదహారు రోజుల తరువాత గాని తెలియలేదు. ఆ పదహారు రోజుల గురించి రాయాలంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది, ఎందుకంటే నా జీవితంలో అంత సంతోషంగా నేను మళ్ళీ ఎన్నడూ లేను. ఓడ కదిలి తీరం సన్నబడిపోవడం, కడుపులో తిప్పి నేను రోజంతా పడుకుంటే మా ఆయన నిమ్మకాయ వాసన చూపిస్తూ పక్కన కూర్చోవడం, లేచాక పై అంతస్తులో కమ్మీ పట్టుకుని నిలబడి ఎగిరే చేపల్ని లెక్కపెట్టడం, ఏ ఒక్కటీ మరిచిపోలేదు. రెండో రోజు మా ఆయన ఒక ఓడ పనివాడిని బతిమాలితే, అతను తాడు కట్టిన బకెట్టు సముద్రంలోకి దింపి నీళ్ళు తోడి ఇచ్చాడు. బావి పనివాళ్ళ ఇంటి పిల్లని కనుక ఆ తాడు పట్టు చూసి, నాయిన అయితే ఇంకా ఒడుపుగా లాగేవాడని మా ఆయనతో గొప్పలు పోయాను. సీసా నింపి, బిరడా బిగించి, గుడ్డ చుట్టి పెట్టెలో పెట్టుకున్నాను. దీవుల్లో తిరిగినన్నాళ్ళూ ఏ వింత చూసినా ఇది నాయినకు చెప్పాలి, అది నాయినకు చెప్పాలి అని మూట కట్టుకుంటూనే ఉన్నాను.

తిరిగి వచ్చిన రోజు మూసారాంబాగ్ వంతెన మీద ఆటో గతుకుల్లో ఎగురుతుంటే, సీసా పగలకుండా రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. ఇంటి ముందు దిగేసరికి గుమ్మంలో మా తమ్ముడు నిలబడి ఉన్నాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. నాకు అప్పుడు తెలిసింది. ఎవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది. వాడు నా వైపు చూసి, "ఒచ్చిన్రా? సముద్రం మంచిగున్నదా?" అని, పక్కకు తప్పుకుని వెళ్ళిపోయాడు. లోపల మా అమ్మ నుదుటి మీద బొట్టు లేదు.

ఫోనులో ఏం జరిగిందో ఆ సాయంత్రం మా అమ్మ నోట విన్నాను. ఇరవై ఏళ్ళు నిండని మా తమ్ముడు తపాలా ఆఫీసులో పదిమంది మధ్య నిలబడి, ఏడుపు దిగమింగుకుని, నాయిన పొయ్యిండు బావా అని అరిచాడు. అవతలి నుంచి బావ మంచిదే, మంచిదే అన్నాడు. మీరొస్తున్రా అని వీడడిగితే, వస్తాంలే, పదిహేను రోజుల్లో వచ్చేస్తాం, ఓడకు టైమైంది అన్నాడు. లైను తెగిపోయింది. తంతి కొట్టమని వాడలోవాళ్ళు చెబితే, చెప్పాల్సింది చెప్పిన, వాళ్ళు ఓడెక్కిన్రు అని వాడు వినలేదట. శవాన్ని లారీలో వేసుకుని ఊరికి తీసుకుపోయి, పొలం గట్టు మీదే గోరి కట్టారు. అలా నాయిన నిజంగానే ఊరికి పోయాడు. చావు కబురు తెలిసీ కూతురు షికారుకు పోయిందని మా వాళ్ళందరూ పదహారు రోజులు నమ్మారు. మా అమ్మ ఒక్కతే నమ్మలేదు. మరునాడు ఆమెతో కలిసి ఊరికి వెళ్ళి, ఆ సీసా గోరి దగ్గర ఒంపాను. ఒంపేముందు మా అమ్మ అందులో వేలు ముంచి నాలుక మీద రాసుకుని, "గీ నీళ్లల్ల పప్పు ఉడకదయ్యా," అని ఆయనకు చెప్పింది.

మా ఆయన మా తమ్ముడి కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. ఒకసారి కాదు, పదిసార్లు చెప్పి చూశాడు, పొరపాటు విన్నానురా అని. పోయిండంటే తెల్వని మనిషి ఉంటడా అని వాడు. నేను చెప్పబోతే, నువ్వు ఈడ పుట్టినదానివే గదా, నీకు గూడ తెల్వలేదా అని నా నోరు మూయించేవాడు. పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ పిలుపులు వచ్చేవి, వెళ్ళేవాళ్ళం. వాడు మా ఆయనను బావా అని మాత్రం మళ్ళీ పిలవలేదు. ఏళ్ళు గడిచాయి. నాకు ఆఫీసులో తెలుగు టైపిస్టు ఉద్యోగం వచ్చింది, మా ఆయన ట్యుటోరియల్ పెద్దదయింది, మాకు పిల్లలు కలగలేదు, బావులన్నీ పూడ్చి బోర్లు వేశారు. మా ప్లాటు పక్క బావి మీద ఇప్పుడు అయిదంతస్తుల హాస్టలు ఉంది. ఒక్క సంగతి నేను మాత్రమే గమనించాను. ఆ రోజు తరువాత మా ఆయన మంచిదే అనే మాట ఎన్నడూ పలకలేదు. పిల్లవాడు ఎంత కష్టమైన లెక్క చేసి చూపించినా తల ఊపేవాడు, భుజం తట్టేవాడు, ఆ మాట మాత్రం రానిచ్చేవాడు కాదు.

నాలుగేళ్ళ కిందట ఒక ఉదయం ఆయన ఆసుపత్రిలో వెళ్ళిపోయాడు. బయట వరండాలో నిలబడి మొదట మా తమ్ముడికే ఫోను చేశాను. ఏ మాటతో చెప్పాలో నాకు తోచలేదు. కొన్ని వేల కాగితాలు టైపు చేసిన దాన్ని, స్వర్గస్థులైనారు, కాలధర్మం చెందినారు అని ఎంతమందికి రాశానో లెక్కలేదు. ఆయన విషయంలో ఆ పెద్ద మాటలేవీ నా నోటికి రాలేదు. చనిపోయాడనడానికి నాలుక తిరగలేదు. "మీ బావ పొయ్యిండురా," అన్నాను.

వాడు స్పష్టంగానే విన్నాడు. ఈ కాలం ఫోనుల్లో హోరు ఎక్కడిది. "గింత పొద్దుగాల ఏడికి పొయ్యిండక్కా?" అన్నాడు.

నేను ఆసుపత్రి పేరు చెప్పాను. అవతల నుంచి ఒక ఏడుపు వినిపించింది. నాయిన పోయినప్పుడు తపాలా ఆఫీసులో దిగమింగుకున్న ఏడుపు అదేననిపించింది నాకు. గంటలో బడంగ్‌పేట నుంచి ఆటోలో వచ్చి, ఆసుపత్రి బల్ల మీద నా పక్కన కూలబడి, నా చెయ్యి వదలకుండా చాలాసేపు ఉన్నాడు. "గా దినం సచ్చిపొయ్యిండని అనాల్సి ఉండె. నాకు నోరు రాలేదక్కా," అన్నాడు చివరకు. "ఒక్క మాటకు ఇన్నేండ్లు బావ మీద పండ్లు కొరికిన." లోపలికి వెళ్ళి, మంచం పక్కన నిలబడి, బావా, బావా అని పిలిచాడు. ఆ పిలుపు కోసం నలభై ఏళ్ళు ఎదురుచూసిన మనిషికి అది వినిపించలేదు. నాకు తమ్ముడు తిరిగి దొరికాడు, నిజమే. ఆ సంగతి ఇంటికి పోయి చెప్పుకోవడానికి ఆయన లేడు.

అప్పటినుంచి నేను ప్రతి ఆదివారం వాడింటికి వెళ్తున్నాను. పోయిన ఆదివారం ఆ పిల్ల సముద్రాన్ని చూపిస్తుంటే ఇదంతా నాకు కళ్ళముందు తిరిగింది. ఇప్పుడు ఎవరు ఎక్కడ ఉన్నారో ఎక్కడి నుంచైనా కనిపిస్తుంది. మనిషి పోతే ఫొటోతో సహా క్షణంలో అందరి ఫోనుల్లోకీ వచ్చేస్తుంది, కింద చేతులు జోడించిన బొమ్మలు వరసకడతాయి, పొరపాటు పడడానికి సందు లేదు. మంచి కాలమే. మాకు ఆ రోజు ఇందులో పిసరంత ఉన్నా చాలేది. అయినా కొన్ని నాకు మింగుడుపడవు. నీళ్ళ రుచి చూశావా బిడ్డా అని మా తమ్ముడు అడిగితే, ఆ పిల్ల నవ్వి, మేము పదో అంతస్తులో ఉన్నాం తాతా, ఇక్కడికి నీళ్ళు ఎట్ల అందుతయి, కిందికి చేతులు గూడ పెట్టనియ్యరు అంది. అంత పెద్ద ఓడలో తాడు కట్టిన బకెట్టు ఒక్కటి లేదట. నన్ను చూసి, పోతున్నా అమ్మమ్మా, మా ఆయన పిలుస్తున్నడు అంటే, నేనూ మా తమ్ముడూ ఒక్కసారే పోయొస్త అను అన్నాం. ఏమిటో ఈ ముసలివాళ్ళ చాదస్తం అన్నట్టు చూసి, పోయొస్త, పోయొస్త అంది. రేపు సిగ్నల్ ఉండదట, ఎల్లుండి చేస్తానంది.

"మంచిదే బిడ్డా," అన్నాడు మా తమ్ముడు. "మంచిదే. పోయి రారి."

ఆ రోజు ఫోనులో మా ఆయన నోట విన్న ఆ మాటను వాడు పలకగా నేను వినడం ఈ నలభై అయిదేళ్ళలో ఇదే మొదటిసారి. వాడు నావైపు చూడలేదు, నేనూ చూడలేదు. ఫోను ఆరిపోయాక కూడా దాన్ని చేతిలో పట్టుకుని అలాగే కూర్చున్నాడు.